అడ్జస్ట్‌కు నేను చెప్పిన అర్థం

1994లో పటాన్‌చెరు బస్టాండు దగ్గర, టైర్ల దుకాణం పైగదిలో నేను స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పేవాడిని. షిఫ్టు దిగిన కార్మికులు వచ్చేవారు. ఉద్యోగానికి పిలుపొచ్చినవారికి మాక్ ఇంటర్వ్యూ, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టేవాడిని. అధికారిని నేనే, ప్రశ్నలు నావే, జవాబులు కూడా చాలావరకు నావే.

యాదగిరి ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు. పర్మనెంట్ చేయడానికి ఇంటర్వ్యూకు పిలిచారు. ఇది పోతే మళ్లీ ఎప్పుడో తెలియదు.

"సార్, మా ఆఫీసర్ నోట్లె పొద్దస్తమానం అడ్జస్టే. షిఫ్టు మార్చినా అడ్జస్ట్, క్యాంటీన్ల పప్పు నీళ్లోలె ఉన్నదన్నా అడ్జస్ట్. అసలు దాని అర్థం ఏంది?"

తెలియదంటే పరువు పోతుంది. "అందులో జస్ట్ ఉంది కదా, అంటే న్యాయం. ఇద్దరికీ న్యాయం జరిగేలా సర్దడమే అడ్జస్ట్. లాటిన్‌లో అంతే" అన్నాను. నాకు లాటిన్ అక్షరమ్ముక్క రాదు.

ఇంటర్వ్యూ మర్నాడు వాడు వాడిపోయిన ముఖంతో వచ్చాడు.

"ఇంటర్వ్యూల గూడ మా ఆఫీసరే ఉన్నడు. ఆదివారాలు గూడ రావాలె, అడ్జస్ట్ కావాలె అన్నడు సార్. అడ్జస్ట్ అంటే రెండు దిక్కుల న్యాయం, నేను ఆదివారం వస్త, మీరు సోమవారం సెలవియ్యున్రి అన్న. లాటిన్ల అట్లనే ఉన్నదని గూడ చెప్పిన."

"ఆయనేమన్నాడు?"

"నువ్వు ఏ యూనియనోనివిరా అన్నడు. బయట కూసోమన్నడు. మళ్ల పిలువలే."

నేను వెళ్లి నిఘంటువు కొన్నాను. ఆ మాట 'దగ్గరికి చేర్చు' అనే లాటిన్ మాటల నుంచి వచ్చిందట. అంతవరకు చదివి ఆఫీసరు దగ్గరికి పరిగెత్తి, తప్పు నాదని చెప్పుకున్నాను.

ఆయన కోస్తా మనిషి. "అయితే ఆ బుద్ధి కుర్రాడిది కాదు, మీదన్నమాట. మరి అసలర్థం ఏమిటండీ?"

"దగ్గరికి జరగడమండి."

"నేను ఇన్నాళ్లూ చెబుతున్నది అదేగా!" అంటూ నాకు టీ తెప్పించాడు.

యాదగిరి పర్మనెంట్ అయ్యాడు. మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టి నిలబడ్డాడు.

"నౌకరి వచ్చింది, మస్తు సంతోషం సార్. కానీ ఆదివారాలన్నీ పాయె. అడిగితే, మీ సారే చెప్పిండు, దగ్గరికి జరగాలె అంటున్నడు ఆఫీసర్. నేనే జరుగుడు, ఆయన కుర్చీ జరగదు. మీ అబద్ధమే మంచిగుండె గద సార్!"

తర్వాత తీరిగ్గా ఆ పేజీ కిందిదాకా చదివాను. ఆ మాట పుట్టిపెరిగిన దేశాల జనం కూడా ఎప్పుడో ఆ మాటను న్యాయంతో కలిపేసుకున్నారట. ఆ పొరపాటు దాని అర్థంలో కలిసి నిలబడిపోయిందట. అంటే యాదగిరి జవాబు పూర్తిగా తప్పేమీ కాదు. తెలియక చెప్పిన అబద్ధం చేసిన నష్టం సర్దుకుంది, తెలుసుకుని మోసుకెళ్లిన సగం నిజం మాత్రం వాడి ఆదివారాలు పట్టుకుపోయింది. చదివింది ఎవరి చేతిలో పెడుతున్నామో ముందు చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

ఈ సంగతి చెబుదామని వాడి ఇంటికి వెళ్లాను. ఆదివారం కదా, డ్యూటీకి పోయాడు.