మొదటి నాలుగు నిమిషాల పండితుడు

ఆ రోజుల్లో జ్ఞానం ఇప్పటిలా అడక్కుండానే అరచేతిలోకి వచ్చి పడేది కాదు. టెలిఫోను తీగలోంచి ఆగి ఆగి, దగ్గుతూ వచ్చేది. మా భిలాయి చేరిన కొత్త రాష్ట్రానికి ఇంకా పదేళ్ళు నిండలేదు. నేనూ కుర్రాణ్ణే (యాభై రెండేళ్ళు, డెబ్భై దాటినవాడికి అది కుర్రతనం కాక మరేమిటి?). ఆ వయసులో నేను పదకొండు విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదువుకున్నాను. నక్షత్రాలు, మెదడు, గుండె, విద్యుత్తు, అర్థశాస్త్రం, చీమల సంఘజీవనం, ఏదీ వదల్లేదు. ఆ ప్రొఫెసర్లందరూ నన్ను పేరుపెట్టి పిలిచేవారు. సరే, పిలిచేవారు కారు. వాళ్ళు ఇంటర్నెట్టులో ఉచితంగా పెట్టిన పాఠాల వీడియోల్లో ఉండేవారు, నేను భిలాయిలో ఉక్కు కర్మాగారం వాళ్ళిచ్చిన మా సెక్టారు క్వార్టర్లో బనీనుతో, మరమరాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉండేవాణ్ణి. పదకొండు కూడా కాదు, ఆరు.

అసలు చిక్కు ఏమిటంటే, వీడియో సరిగ్గా నాలుగు నిమిషాలు నడిచి ఆగిపోయేది. తెర మధ్యలో ఒక గుండ్రం తిరగడం మొదలుపెట్టేది. నేనేమో రోలింగు మిల్లులో పాతికేళ్ళుగా మీటల ముందు కూర్చున్నవాణ్ణి. అక్కడ ఏదైనా ఆగితే రీసెట్ కొట్టి మొదటినుంచి నడిపించడం మా చేతులకు పట్టిన అలవాటు. ఇక్కడా అదే చేసేవాణ్ణి. గుండ్రం కనబడగానే పేజీ మళ్ళీ తెరిచేవాణ్ణి. ప్రొఫెసరు మళ్ళీ తలుపు తీసుకుని లోపలికి వచ్చేవాడు. అలా ఒక్కొక్క పాఠం మొదటి నాలుగు నిమిషాలూ నేను పది పన్నెండుసార్లు చూశాను. అంత లోతుగా ఆ నాలుగు నిమిషాల్ని ఆ ప్రొఫెసర్లు కూడా అధ్యయనం చేసి ఉండరు.

ఇంతకీ మొదటి నాలుగు నిమిషాల్లో ఏముంటుంది? ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలిస్తాడు. ఒక జోకు వేస్తాడు. బోర్డు మీద పాఠం పేరు రాసి, "ఈ గంట పూర్తయ్యేసరికి ఇదంతా ఎందుకో మీకే తెలుస్తుంది" అని మాటిస్తాడు. అంటే సకల శాస్త్రాల్లోని వాగ్దానాలన్నీ నాకు కంఠతా వచ్చు, ఒక్కదాని సంగతి కూడా తెలియదు. (మా కొత్త రాష్ట్రం కూడా అప్పుడు మొదటి నాలుగు నిమిషాల్లోనే ఉండేది కాబట్టి మేమిద్దరం బాగా కుదిరాం.) క్యాంటీనులో ఈ విద్యతోనే వెలిగిపోయాను. అక్కడ టీ తాగడానికి పట్టేది నాలుగు నిమిషాలే. ఐదో నిమిషం సంగతి అడిగే వ్యవధి ఎవరికీ ఉండేది కాదు. "ప్రొఫెసర్ సాబ్" అని పేరు పెట్టారు. నేను వద్దనలేదు.

మా పక్క క్వార్టర్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం అద్దెకుండేది. ఆయన హథ్‌ఖోజ్‌లో చిన్న కార్ఖానాలో లేతు మీద పనిచేసేవాడు. నేను తమ్ముడూ అనేవాణ్ణి. వాళ్ళమ్మాయిని అందరం గుడియా అనేవాళ్ళం. ఆ పిల్ల పన్నెండో తరగతిలో ఫిజిక్సు తప్పింది. మళ్ళీ రాయడానికి ఒకే అవకాశం, ఐదు వారాలే గడువు. పాసైతే నర్సింగు కాలేజీ, లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. నర్సింగే ఎందుకంటే, మా ఆవిడ నర్సు. తెల్లచీర కట్టుకుని ఆవిడ డ్యూటీకి నడిచి వెళ్తుంటే ఆరేళ్ళ వయసునుంచీ ఆ పిల్ల గేటు పట్టుకుని చూసేది. వాళ్ళ నాన్న పవర్ హౌస్ బజారు దగ్గర ఏదో కోచింగులో చేర్పిస్తానంటుంటే నేను అడ్డుపడ్డాను. ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రొఫెసర్లందరూ మా ముందుగదిలో ఖాళీగా కూర్చుని ఉండగా ఆ సందుల్లోకి పంపడమేమిటన్నాను. అతను నమ్మాడు. అంత తొందరగా నమ్ముతాడనుకోలేదు.

మూడు వారాలు పాఠం సాగింది. సాయంత్రం పిల్ల నోటుపుస్తకం తెచ్చుకుని కూర్చునేది. ప్రొఫెసరు కోటు విప్పేవాడు, జోకు వేసేవాడు, మాటిచ్చేవాడు, గుండ్రం తిరిగేది, నేను రీసెట్ కొట్టేవాణ్ణి. మిగతాది నా మిల్లు అనుభవంతో పూరించేవాణ్ణి. అందులో విద్యుత్తు తక్కువ, మా ఫోర్‌మన్ దుర్మార్గం ఎక్కువ. ఒకరోజు పిల్ల కలం కిందపెట్టింది.

"పెద్దనాన్నా, ఈ సార్ రోజూ కోటు విప్పుతాడు. ఉస్కే బాద్ ఏటవుతాది?"

తర్వాతది పై చదువుల్లో వస్తుందన్నాను. అప్పుడే డ్యూటీనుంచి వచ్చిన మా ఆవిడ గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. లోపలికొచ్చి ఆ నోటుపుస్తకం తీసి పేజీలు తిప్పింది. ప్రతి పేజీలో పాఠం పేరు, కింద గీత, ఆ గీత కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న ప్రొఫెసరుగారి జోకు. ఇంకేమీ లేదు.

"ఏవండీ, ఆ గుండ్రం తిరిగినప్పుడు మీరేటి చేస్తారు?"

"రీసెట్ కొడతాను."

"సెలైను మెల్లిగా ఎక్కుతోందనేసి నేను సూది పీకి మళ్ళీ గుచ్చుతానేటి?"

అంటూనే ఆవిడ వీడియో మొదలుపెట్టి వెంటనే ఆపింది. తెర అడుగున ఒక బూడిదరంగు గీత చీమలా కదులుతోంది. పాఠమంతా దిగి ఆ గీత చివరిదాకా చేరాలి, అందాకా ఎవ్వరూ ముట్టుకోకూడదు, ముఖ్యంగా మీరు, అని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఆ గీతని నేను తెరకి వేసిన అంచు అనుకున్నాను. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, గుడియా బఠాణీలు ఒలిచేసింది. గీత అవతలి ఒడ్డు చేరింది. ముగ్గురం కూర్చున్నాం.

ఐదో నిమిషం నాకు కొంచెం కూడా నచ్చలేదు. ఆయన జోకులు మానేశాడు. లెక్క మీద లెక్క రాశాడు, తప్పు చేశాడు, తుడిచాడు, చెమట తుడుచుకున్నాడు, మళ్ళీ రాశాడు. పన్నెండోసారి కోటు విప్పినప్పుడు కూడా అంత అందంగా ఉన్న మనిషి, పని చేస్తుంటే మామూలుగా కనిపించాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గుడియా మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది. నేను మెల్లిగా లేచి వరండాలోకి వెళ్ళాను.

మిగిలిన రెండు వారాలూ ఆవిడ డ్యూటీకి వెళ్తూ వీడియో పెట్టి ఆపేసేది, వచ్చాక ఇద్దరూ చూసేవారు. అర్థంకాని చోట పాఠ్యపుస్తకం తెరిచేవారు. నాకు కాపలా ఉద్యోగం ఇచ్చారు. ఎవరూ మౌసు తాకకుండా చూడాలి. (తాకేవాడు ఆ ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి నాకు నేనే కాపలా.)

పిల్ల పాసైంది. ప్రథమశ్రేణిలో పాసైందని క్యాంటీనులో చెప్పాను గాని, గట్టెక్కడానికి ఎన్ని కావాలో అన్నే వచ్చాయి. వాళ్ళ నాన్న పవర్ హౌస్ నుంచి వేడి జిలేబీలు తెచ్చి, మా ఆవిడ ఎదురుగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ దయే, భయ్యా," అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. అక్కడ ఒక మాట చెప్పవలసిన మనిషిని నేను. జిలేబీ నోట్లో ఉంది కాబట్టి చెప్పలేకపోయాను. అది మింగి ఇప్పటికి చాలా ఏళ్ళయింది.

గుడియా ఇప్పుడు ఒక పెద్దాసుపత్రిలో వార్డు సిస్టరు. ఎప్పుడైనా ఫోను చేస్తే నేనేం చూస్తున్నానని అడుగుతుంది. ఫలానా ఉపన్యాసం అంటే, "కోటు విప్పేశాడా?" అంటుంది. ఇంకొకటి కూడా ఒప్పేసుకుంటాను. ఆ రోజుల్లో రెండు మూడుసార్లు గుండ్రం తిరగనేలేదు. ప్రొఫెసరు నేరుగా ఐదో నిమిషంలోకి నడిచి వెళ్ళిపోయాడు. అప్పుడు కూడా రీసెట్ కొట్టింది నేనే.

ఇప్పుడు నా ఫోనులో ఏదీ ఆగదు. లోకంలోని పండితులందరూ గంటలు గంటలు ఉచితంగా మాట్లాడుతూనే ఉంటారు. నేను మొదటి నాలుగు నిమిషాలు చూసి, అద్భుతం అని రాసి, పదిమందికి పంపిస్తాను. వాళ్ళూ అద్భుతం అని రాసి ఇంకో పదిమందికి పంపిస్తారు. మొన్న ఒకాయన విశ్వం గురించి మాటిచ్చి బోర్డు వైపు తిరిగాడు. నాకు కునుకు పట్టి, చేతిలో ఫోను పక్కకి ఒరిగి, వేలు తగిలి ఆయన ఆగిపోయాడు. వంటింట్లోంచి మా ఆవిడ, ఆయన మాట వినబడటం లేదేమిటి, గుండ్రం తిరుగుతోందా అని అడిగింది.

"తిరుగుతోంది," అన్నాను. ఎక్కడ తిరుగుతోందో, ఫోనులోనో నా తలలోనో, ఆవిడ అడగలేదు.