నిండుగా చూపించే ముల్లు

మా పికప్ బండిలో డీజిల్ ముల్లు ఏళ్ల తరబడి ట్యాంకు నిండుగా ఉన్నట్టే చూపించింది. లోపల ఎక్కడో పట్టేసి అక్కడే ఆగిపోయింది. నాన్నగారు దాన్ని బాగుచేయించలేదు. సీటు వెనక ఒక సన్నటి వెదురుపుల్ల ఉండేది. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు దాన్ని ట్యాంకులో ముంచి, ఎంతవరకు తడిసిందో చూసుకుని, తుడిచి మళ్లీ అక్కడే పెట్టేవారు.

ఒకప్పుడు ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు మా సొంత బళ్ల మీద వెళ్లేది. భూములు పోయాక మిగిలింది ఈ బండి ఒక్కటే. విజయవాడ వెళ్లేటప్పుడు దారిలో ఎవరు చెయ్యెత్తినా నాన్నగారు ఆపి పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఒకసారి అలా ఒకాయన ఎక్కాక, నది కరకట్ట మీద బండి ఆగిపోయింది.

"డీజిల్ పైపులో ఎయిర్ పట్టిందండీ," అన్నారు నాన్నగారు.

పక్కనున్నాయన ముల్లు వంక చూసి నమ్మాడు. నాన్నగారు బానెట్ ఎత్తి నిలబడ్డారు. వెనక తొట్టిలో ఉన్న నేను డబ్బా తీసుకుని, నీళ్ల కోసం వెళుతున్నట్టు, బంకుకు నడిచాను. ఆ సంగతి మేమిద్దరం తర్వాత ఎన్నడూ ఎత్తలేదు.

ఆయన పోయాక బండి నాకు వచ్చింది. ఈ ఏడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు తీసుకువెళితే మీటర్లు పనిచేయాలన్నారు. ఆటోనగర్‌లో మేస్త్రి పాత మీటరు బోర్డు ఊడదీస్తూ నవ్వాడు.

"ఎప్పుడూ ఫుల్ ట్యాంకేనాండీ? ఆ కిటుకేదో మాకూ చెబుదురూ."

కొత్తది బిగించి తాళం తిప్పాడు. బ్యాటరీ ముల్లు లేచింది. డీజిల్ ముల్లు కింది గీత దగ్గరే ఉండిపోయింది. అద్దం మీద వేలితో కొట్టాడు. వైరు పీకి మళ్లీ పెట్టాడు.

"పీసే తేడాగా ఉందండీ. షాపులో ఇచ్చేసి ఇంకోటి తెస్తా," అని స్క్రూలు విప్పసాగాడు.

ఆ పొద్దునే నేను వెదురుపుల్ల ముంచి చూశాను. కొస మాత్రమే తడిసింది. ఊరుకుంటే ఇంకో మీటరు వస్తుంది, అదీ ఇంతే చూపిస్తుంది.

"మీటరు బాగానే ఉంది," అన్నాను. "ట్యాంకులో లేదు."

మా ఇంట్లో ఆ మాట పైకి అన్నది నేనే మొదట.

"ముందే అనొచ్చు కదండీ. అరగంట నుంచి వైర్లతో కుస్తీ పడుతున్నా," అంటూ మేస్త్రి మూలనున్న డీజిల్ డబ్బా తెచ్చి పోశాడు. ముల్లు కొద్దిగా పైకి జరిగింది. అతను అప్పటికే వేరే పనిలో పడ్డాడు. ఇంతేనా అనిపించింది. ఇంతేనని నాన్నగారికి చెప్పాలనిపించింది.

పాత బోర్డు అడిగి తీసుకుని పక్క సీటులో పెట్టుకున్నాను. కరకట్ట మీద ఆ చోటు రాగానే బండి నెమ్మదించాను. ఆ రోజు నేను డబ్బాతో తిరిగి వచ్చేసరికి నాన్నగారు ఎండలో బానెట్ పట్టుకుని నిటారుగా నిలబడే ఉన్నారు. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఒక్కసారి చూడవలసింది.

పక్క సీటులో ముల్లు నిండుగానే ఉంది.