చెయ్యి తీస్తే ఆగిన షట్టరు

మా మేనల్లుడు ఉచ్చెంగెప్ప కష్టపడి సాధించిన మొదటి గెలుపు ఏదంటే, కురుగోడు దగ్గర కాలువ తూముకు దించుతున్న ఇనుప షట్టరును, నూనె గొట్టం పగిలినా, గాలిలో అట్లే నిలబెట్టడం. అది 1966 మే నెల. ఆ షట్టరు కింద మనిషి ఉన్నాడు.

వాడికి అంతకు ముందే పేరుంది. జాతరలో గుండు ఎత్తాడు. కన్నడం, తెలుగు రెండూ తడుముకోకుండా చదువుతాడు. మీసం రాకముందే ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలి మడులు తడిపాడు. మా ఇళ్లలో యంత్రం మీద చెయ్యి వేసిన మొదటివాడూ వాడే. అయితే ఆ కపిల అలవాటే వాడికి అడ్డం వచ్చింది.

కపిల బావి దగ్గర బరువంతా మనిషి పట్టులో ఉంటుంది. మోకు జారిందంటే ఇంకా బిగించి పట్టాలి. వదిలామా, నీళ్ల బాన పోయి బావిలో పడుతుంది. కాలువ పనికి తెచ్చిన వించి అట్లా కాదు. అది నూనె ఒత్తిడితో తిరుగుతూ ఇనుప తాడును చుడుతుంది, వదులుతుంది. లీవరును దింపే వైపు పట్టుకున్నంతసేపూ ఆ ఒత్తిడే ఒక వాల్వును తెరిచి ఉంచుతుంది, బ్రేకునూ విడిపిస్తుంది. బరువు నిదానంగా దిగుతుంది. చెయ్యి తీస్తే లీవరు తనంతట తానే నడిమికి వస్తుంది. ఒత్తిడి పోగానే వాల్వు మూసుకుని లోపలి నూనెను కదలనివ్వదు, గట్టి స్ప్రింగు బ్రేకును బిగిస్తుంది. బరువు ఎక్కడిదక్కడే ఆగుతుంది.

మావాడు మాత్రం బరువు కొంచెం అదిరితే చాలు, లీవరును ఇంకా గట్టిగా పట్టేవాడు. నేర్చుకోవడానికి తాడుకు కట్టిన రాళ్ల బుట్ట దిగి దిగి నేలకు కొట్టుకునేది. నేర్పే మేస్త్రీ హొన్నూరప్ప తిట్టని రోజు లేదు.

"బిడప్పా, వదులు! చెయ్యి బిడు అంటే ఇంగా పట్టుకుంటావేంది? ఇదేమన్నా మీ ఎద్దుల మోకా?"

"వదిల్తే పడ్తాదని భయమైతాదన్నా."

"పట్టుకుంటేనే పడ్తాది! షట్టరు దించే దినం గూడా ఇట్లే చేసినావంటే నిన్ను మళ్లా ఎద్దుల తావుకే పంపిస్తా."

వాడు ఊరుకోలేదు. ఇంటి ముందర పాత నాగలి మేడిని పాతి, దాన్నే లీవరనుకుని పట్టుకునేవాడు. వాళ్లమ్మ హుసేనమ్మ, అంటే మా అక్క, "పట్టుకో! పట్టుకో!" అని అరవాలి. వాడు వెంటనే చెయ్యి తీయాలి.

"ఏం పిచ్చిరా ఇది? రొట్టె మాడిపోతాండాది" అని విసుక్కునేది అక్క. అరవడం మాత్రం మానలేదు.

షట్టరు దించే రోజు రానే వచ్చింది. సగం దిగాక, కింద అది కూర్చునే గాడిలో రాతిపెళ్ల ఒకటి కనబడింది. రాళ్లు చెక్కే పంపన్న, ఆపమని కూడా చెప్పకుండా, దాన్ని తీయడానికి షట్టరు కిందికి దూరాడు. సరిగ్గా అప్పుడే వించి గొట్టం పగిలి నూనె ఉచ్చెంగెప్ప ముఖాన చిమ్మింది. ఒత్తిడి ఇంకా పూర్తిగా పోలేదు, లీవరు వాడి చేతిలో ఉన్నంతసేపూ షట్టరు దిగుతూనే ఉంది. మేస్త్రీ అవతలి గట్టున ఉన్నాడు. ఇవతల ఉన్నవాళ్లంతా "పట్టుకోప్పా! పట్టుకో!" అని ఒకటే కేకలు.

వాడు రెండు చేతులూ పైకెత్తాడు. షట్టరు ఒక్క ఊపు ఊగి, పంపన్న వీపుకు జానెడు పైన ఆగిపోయింది.

పంపన్న పాక్కుంటూ బయటికి వచ్చి, వెనక్కి తిరిగి చూశాడు. "నా టవలు ఆడనే ఉండిపాయ. రవ్వంత పైకెత్తుతావేమప్పా?"

"దూరి తెచ్చుకో మామా. నేను మాత్రం చెయ్యి పెట్టను."

గట్టు మీద నవ్వులే నవ్వులు. హొన్నూరప్ప పరుగున వచ్చి తన తలగుడ్డతోనే వాడి ముఖం తుడిచాడు. "ఇంగ ఎద్దులు నిన్ను మరిచిపోవాల్సిందేనప్పా" అన్నాడు.

ఇంతకంటే పెద్ద వించి నేర్చుకోవడానికి మద్రాసు రేవుకు ఎవరిని పంపుదామని కాలువ ఆఫీసువాళ్లు అడిగితే, మేస్త్రీ మావాడి పేరే చెప్పాడు. పని నేర్చుకోవడానికి రైలెక్కినవాడు మా ఇళ్లలో అంతకు ముందు లేడు. వచ్చే వేసవిలో కాలువకు నీళ్లు ఆపగానే పెద్ద షట్టర్లు దించాలి. వాటి కింద పని చేసేవాళ్లు, వించి దగ్గర ఉచ్చెంగెప్ప ఉంటేనే దిగుతామని తేల్చి చెప్పారు. అందరికంటే ముందు ఆ మాట అన్నది పంపన్న. మావాడు మద్రాసు నుంచి తిరిగి వచ్చేది 1967 మార్చి 18, శనివారం.