ఆకు కొసన బొట్టు

ఆ ఏడు రెండో పంట దాళ్వాకు కాలవ నీళ్లు వంతుల మీద వదిలారు. మా వంతు రాకముందే నారుమడి బీటలిస్తోందని మా ఆయన ఇంజను పెట్టి బోరు నీళ్లు తోడేశారు. ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు దిగితే బోరు నీళ్లు ఉప్పన్న సంగతి ఎవరికి తెలియదు? నారు కళ్లెదుట ఎండుతుంటే ఏ నీళ్లయినా నీళ్లే అనిపిస్తాయి కాబోలు.

మర్నాటి పొద్దుటికి మడి నిండా నీళ్లున్నా ఆకులు సూదుల్లా చుట్టుకుపోయాయి.

"చాల్లేదు. ఇంకో తడి పెట్టాలి," అన్నారు మా ఆయన.

"ఉన్నవే తీసెయ్యాలండీ."

"ఏలూరు కాలేజీలో నువ్వు చదివిన బోటనీ అంటే ఇదేనా?"

"మాగాయ ముక్కలకు ఉప్పేస్తే ఊట దిగుతుంది. ఆ నీళ్లు మీరు పోశారా? ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగింది. ఇక్కడ వేరుకూ అదే గతి."

గట్టు మీదున్న మామగారు మెల్లగా అడిగారు. "తీసేశాక కాలవ రాకపోతేనో అమ్మా?"

మళ్లీ చల్లడానికి విత్తనం లేదు, అదును అసలే లేదు. నారు పోతే ఆ దాళ్వా పోయినట్టే. కానీ దాహమేసిన ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. ఇక లోపలికి గాలి వెళ్లదు, ఎంత ఎండ కాసినా ఆకులో వంట సాగదు. ఆ నారు ఆకలితోనూ చస్తోంది.

"వేరు నీళ్లు తాగితే పొద్దున్నే ఆకు కొసన బొట్టు నిలుస్తుంది. ఇవాళ ఒక్కటైనా ఉందా?"

"మంచు పడలేదు."

"ఇంజను మూత తడిమి చూడండి."

తడిమారు. చెయ్యి తడిసింది. ఆ చెయ్యి పంచెకు తుడుచుకుని పార నాకిచ్చారు. "గండి నువ్వే కొట్టు. రేపు తిట్టడానికి ఒకరుండాలి."

కొట్టాను. నీళ్లు మురుగు బోదెలోకి పోతుంటే ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి కాలవ వచ్చింది. మడి నింపి, మళ్లీ గండి తీయబోతే మా ఆయన పార పట్టుకున్నారు.

"వచ్చిన నీళ్లూ పారబోస్తావా?"

"కొరమేను చేపను ఒక్క నీటితో కడిగి వండితే తింటారా?"

పార వదిలారు. ఆ నీళ్లు పోయాక వంతు ముగిసేలోపు మరోసారి నింపాం.

పల్లపు మూల నారు తేరుకోలేదు. ఆ మేరకు చేను బీడు పెట్టాం. మెరక వైపు మాత్రం, కొన్నాళ్లకు ఒక పొద్దున, ప్రతి ఆకు కొసనా ఒక్కో బొట్టు నిలబడింది. మా ఆయన వంగి చాలాసేపు చూశారు.

"మంచు బాగా పడింది," అన్నారు.

ఇంజను మూత మీద చెయ్యి వేశాను. పొడిగా ఉంది.

"అవునండీ," అన్నాను. "వెతుక్కుని మరీ మన నారు మీదే పడింది."