మంచు కప్పిన గాజు స్టూడియో

ఆల్బిన్ రాట్కే సినిమాల్లోకి వచ్చింది కిటికీ తెరలు చంకన పెట్టుకుని.

బెర్లిన్ శివారు టెంపెల్‌హోఫ్‌లో ఆ రోజుల్లో ఒక స్టూడియో ఉండేది. గోడలు గాజే, పైకప్పూ గాజే. ఎండ తిన్నగా పడితే నటుల మొహాలు సున్నం కొట్టినట్టు వస్తున్నాయి, పల్చటి తెల్లగుడ్డ కావాలని కబురొస్తే, బట్టల కొట్టువాళ్లు ఆల్బిన్‌ని పంపారు. నిచ్చెనెక్కి గుడ్డ లాగి కట్టాడు. కింద నిలబడ్డ అమ్మాయి మొహం మీద వెలుగు మీగడలా పరుచుకుంది. ఆల్బిన్ చెయ్యి తాడు మీదే ఉండిపోయింది.

"దిగుతారా, అక్కడే కాపురం పెడతారా?" అంది ఆ అమ్మాయి.

ఆమె నటి కాదు. ఫిల్ము ముక్కలు కత్తిరించి అతికించే థెక్లా. వెలుగు చూసుకోడానికి నిలబెట్టారంతే.

అతను మళ్లీ బట్టల కొట్టు మొహం చూడలేదు. రెండేళ్లకి థెక్లాని పెళ్లి చేసుకున్నాడు. మరో పదేళ్లకి అదే స్టూడియోలో నిర్మాత అయ్యాడు. అలిగిన దర్శకుణ్ణి బుజ్జగించి, జలుబు చేసిన నటికి తేనె కలిపిన వేడి పాలు పంపి, ఎవరి లోకంలో వాళ్లున్న నలభైమందిని ఒకే పొద్దున ఒకచోటికి చేర్చేవాడు. ఆ తర్వాత ఓ మూల కూర్చుని, మేఘం వచ్చి పోతుంటే నేల మీద వెలుగు నడవడం చూసేవాడు.

పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదో సంవత్సరం జనవరిలో, పడవవాడి భార్య కథ తీస్తున్నారు. సముద్రంలో పోయాడనుకున్న మనిషి దగ్గర్నుంచి ఆమెకి ఉత్తరం వచ్చే ఘట్టం. తెల్లారేసరికి పైకప్పంతా మంచు పేరుకుంది.

"చీపుళ్లు తెప్పించండి రాట్కే గారూ, గుహలో ఉన్నట్టుంది!" అని విసుక్కున్నాడు దర్శకుడు క్నోబ్లోఖ్.

ఆల్బిన్ తలెత్తి చూశాడు. మంచులోంచి వడకట్టిన వెలుగు లేత నీలంగా దిగుతోంది. ఎవరికీ నీడ లేదు. చెరువు అడుగున నిలబడ్డట్టు ఉంది. ఎవరూ చెప్పకుండానే అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

"ఊడ్చొద్దు. ఇప్పుడే తీయండి."

"ఏం తీయమంటారు? మసక!"

"మసకే కావాలి. ఆమె ఇంకా నమ్మలేదు కదా, బతికున్నాడని."

క్నోబ్లోఖ్ కెమెరా వైపు చెయ్యి ఊపాడు. కెమెరా తిరిగింది. నటి ఉత్తరం విప్పింది. చదువుతుండగా పైన మంచుగడ్డ ఒకటి జారి, సన్నటి ఎండ ఆమె చేతుల మీద పడింది. ఆమె ఉలిక్కిపడి పైకి చూసింది. ఆ చూపు ఎవరో నేర్పింది కాదు.

సినిమా విడుదలైంది. హాల్లో జనం దగ్గడం కూడా మరిచారని థెక్లా వచ్చి చెప్పింది. కానీ ఏడాది తిరక్కుండానే మాటల సినిమాలొచ్చాయి. శబ్దం పట్టే ఇంజనీరు వచ్చి చెవి పెట్టి విన్నాడు. గాజు మీద వాన టపటపమంటోంది.

"ఇటుకలతో మూసేయాలి. లేకపోతే ఒక్క మాట వినపడదు."

భాగస్వాములంతా సరేనన్నారు. ఆల్బిన్ వాళ్లతో గొడవ పడలేదు. తన వాటా కింద విప్పిన గాజు పలకలు మాత్రం ఇమ్మన్నాడు. వాళ్లు నవ్వి ఇచ్చేశారు.

"పెద్దిల్లు అడిగితే పాత గాజు తెచ్చావా నాకు?" అంది థెక్లా.

"దానికింద పడుకుంటే నక్షత్రాలు కనిపిస్తాయి."

"చలి కూడా కనిపిస్తుంది, నీ మొహం!"

అంటూనే మూట కట్టుకుంది. పలకల్ని పడవలో గడ్డి మధ్య నిలబెట్టి హావెల్ నది మీద వెర్డర్ అనే ఊరికి తీసుకెళ్లారు. అక్కడ థెక్లా అన్నకి చెర్రీ తోట ఉంది. దారంతా ఒడ్డున చెట్లు, పైన కొంగలు, ఆ గాజు పలకల్లో ఈదుతూ వచ్చాయి. ఆల్బిన్ ఆ మధ్యాహ్నమంతా వాటినే చూస్తూ కూర్చున్నాడు. తెచ్చుకున్న రొట్టె ముక్కలు థెక్లాయే తినేసింది.

తోటలో చిన్న గాజు గది లేచింది. అందులో గసగసాల మొక్క ముందు కెమెరా పెట్టి, కొన్ని నిమిషాలకో బొమ్మ చొప్పున తీశాడు. నాలుగు రోజుల పువ్వు ఒక్క నిమిషంలో విచ్చుకుంది. ఊరి బడిలో వేసి చూపించారు. పంతులమ్మ వివరించబోతే ముందు వరస పిల్ల ఒకతె కసిరింది: "ఉండండి టీచర్, మొగ్గ జడుసుకుంటుంది!"

ఆల్బిన్ వెనక బెంచీలో కళ్లు తుడుచుకున్నాడు.

అట్లాంటివి పద్నాలుగు తీశాడు. బళ్ల నుంచి ఉత్తరాలు వచ్చేవి, ఈసారి చామంతి కావాలని, బఠాణీ తీగ కావాలని. ముప్పై ఆరో సంవత్సరం ఏప్రిల్లో, చెర్రీ పూత తీస్తూ కుర్చీలోనే కన్నుమూశాడు. థెక్లా కెమెరా ఆపలేదు. పూత రాలిపోయేదాకా తనే తీసి, అతికించి, శరత్కాలంలో బళ్లకి పంపింది.