రెండు ర్యాములు, నాన్న పంచె

ఆ రోజుల్లో గుంటూరులో కంప్యూటరు విప్పి మళ్లీ మూత పెట్టగలిగినవాణ్ణి జనం పెద్ద డాక్టరుని చూసినట్టు చూసేవారు (మూత పెట్టాక అది పనిచేస్తుందా అన్నది వేరే సంగతి). కంప్యూటర్లు బిగించే షాపులో చేరి నాలుగు నెలలైనా కాకముందే నేను ఆ చూపులకు అలవాటుపడిపోయాను. పర్చూరు వెళ్లినప్పుడల్లా మా నాన్న ముందు బయోస్ అనీ టైమింగ్స్ అనీ ఒకటే దంచుడు. వినీ వినీ ఆయన, తొలికోత మిరపకాయలు యార్డులో అమ్ముకుని ఒకరోజు తిన్నగా షాపుకే వచ్చాడు. "నా కళ్లముందు ఒక్కదాన్ని బాగుచెయ్యి. చేస్తే ఉండు, లేదంటే సాయంత్రం బస్సుకి నాతో వచ్చెయ్యి. కోతలకి మనుషులు దొరకట్లా" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎండలో మిరపకోత అంటే నాకు చచ్చేంత భయం.

బల్లమీద ఒక డీటీపీ సెంటరువాళ్ల కంప్యూటరుంది. పాత ర్యాము పక్కన కొత్తదొకటి వెయ్యాలి, అంతే. వేశాను, ఆన్ అయింది. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "నాన్నా, అడిగింది తెచ్చివ్వడానికి కొత్తదానికి రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు చాలు. పాతదానికి మూడు కావాలి. దీనికోసం అది కూడా ఆగుతోంది. చూడు, రెండిట్నీ రెండుకే పరిగెత్తిస్తా" అంటూ బయోస్‌లోకి, అంటే లోపలి సెట్టింగుల్లోకి, వెళ్లి అంకె మార్చాను. తెర నల్లబడిపోయింది. ర్యాములు పీకాను, తుడిచాను, అటుదిటు మార్చాను, దణ్ణం కూడా పెట్టాను (కొత్తదాన్నొక్కదాన్నే వేసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు). చివరికి ప్లగ్గు పీకేసి తల పట్టుకున్నాను.

"ఆ బిళ్ల ఏందిరా?" అన్నాడు నాన్న.

"బ్యాటరీ."

"మరి చెప్పవేం" అంటూ గోటితో దాన్ని పైకి లేపి, నోటి ఆవిరి పట్టి, పంచెకి తీరిగ్గా అటూ ఇటూ రుద్ది మళ్లీ పెట్టాడు. చేలో టార్చిలైటుకి ఆయన చేసే వైద్యమే. ప్లగ్గు పెట్టి నొక్కితే తెర వెలిగింది. బ్యాటరీ తీసేసరికి నా అతితెలివి అంకె చెరిగిపోయి, కంప్యూటరు బుద్ధిగా మళ్లీ మూడుకే వచ్చిందని మర్నాడు మా షాపు ఓనరు చెబితే గానీ నాకు తెలియలేదు.

బాగుచేసింది నేను కాదు గనుక మాట ప్రకారం బట్టల సంచి తీశాను. "కింద పెట్టు" అన్నాడు నాన్న. "పని రాకుండా ఇంటికొచ్చి ఏం చేస్తావు? అక్కడ పైరుని కూడా ఇట్టాగే తొందరపెడతావు. నేర్చుకునే రా."

అంత జరిగాక కూడా, బస్టాండు దాకా నడుస్తూ బ్యాటరీ తుడిస్తే ఎందుకు బాగయిందో ఆయనకే విడమరిచి చెప్పాను (అదీ తప్పే). దారి పొడుగునా ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడు కుర్రాళ్లెవరైనా నాకు అలా విడమరిచి చెబుతుంటే మాత్రం, నేనూ ఊ కొడుతూ వింటాను.