పోయొస్తా అనింది

బద్వేలులో లేవిని చెడ్డవాడన్నవాళ్లు ఎవరూ లేరు. చెడ్డవాడైతే నయంగా ఉండేదేమో. చెడ్డవాళ్లతో ఎలా మసలుకోవాలో ఈ ఊరికి బాగా తెలుసు. తాగుబోతుకు పిల్లనిస్తారు, మోసగాడికి కుర్చీ వేస్తారు. నోటితో అన్న మాటే మనసులోనూ ఉంటుందని నమ్మే మనిషితో ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. తెలియకపోతే ఊరుకోవచ్చు కదా, ఊరుకోరు. ఏడిపిస్తారు.

లేవి అనంతయ్య శెట్టి బట్టలంగడిలో గుమాస్తా. ఆ అంగట్లో 'లేదు' అనే మాట అనకూడదు. అడిగిన రంగు లేకపోతే 'స్టాకు వస్తాంది' అనాలి. లేవి లేకపోతే లేదనేవాడు. దాంతో తోటి గుమాస్తా వీరభద్ర అతని పేరు మీదే ఒక హాస్యం కట్టాడు. "మా అంగట్లో ఏవీ లేవు అనే మాటే ల్యా. లేవి మాత్రం ఉండాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. మొదటిసారి వింటే నవ్వొచ్చే మాటే. ఏళ్ల తరబడి వినేవాడికి ఏమొస్తుందో వీరభద్రకు అక్కర్లేదు.

ఒకసారి పెళ్లిబట్టలకు వచ్చిన ఒక పెద్దింటావిడ పట్టుచీర భుజాన వేసుకుని, అద్దంలో చూసుకుంటూ, "నాకు ఎట్లుండాదప్పా?" అంది. లేవి చూశాడు. అడిగింది కాబట్టి శ్రద్ధగానే చూశాడు. "మీకు బాగలేదు" అన్నాడు. ఆ కుటుంబం మొత్తం లేచి ఎదురంగడికి పోయింది. "అడిగితే చెప్పేసేదేనా?" అని అనంతయ్య అరిచాడు. "ఇంగేం చెయ్యాల శెట్టీ?" అని లేవి నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. శెట్టికి అది ఎదురుమాటగా వినిపించింది. ఆ రోజునుంచి లేవిని వెనక గదిలో చీరలు మడతపెట్టే పనికి తోసేశారు. మనుషులు లేని ఆ గదిలో అతని ప్రాణం కుదుటపడింది, అది వేరే సంగతి.

ఇది విని అతని భార్య ప్రేమజ్యోతి అతన్ని కర్నూలు తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించింది. "దీన్ని ఆటిజం అంటారమ్మా. పుట్టుకతో వచ్చేది, జబ్బు కాదు. మీకేం కావాలో ఆయనకు సూటిగా చెప్పండి. మూతివిరుపులూ సైగలూ ఆయనకు అందవు" అని డాక్టరమ్మ చెప్పింది. లేవికి పెద్ద బరువు దిగినట్టయింది. ఊరికి వచ్చి, బ్లడ్ గ్రూపు చెప్పినంత మామూలుగా, "నాకు ఆటిజం అంట" అని అందరికీ చెప్పాడు. ఊరు ఆ మాటను తనకు తెలిసిన భాషలోకి మార్చుకుంది. పిచ్చి అంది.

ప్రేమజ్యోతి కొన్నాళ్లు సూటిగానే చెప్పి చూసింది. కానీ పొద్దస్తమానం మిషను మీద జాకెట్లు కుట్టి వచ్చే మనిషికి, 'నాకు తలనొప్పిగా ఉండాది, టీ పెట్టివ్వు' అని రోజూ విడమరిచి చెప్పే ఓపిక ఎక్కడుంటుంది? చెప్పకుండా తెలుసుకుంటే బాగుండునని ఆమెకూ ఉంటుంది. ఆ ఆశ తప్పు కాదు. అది తీరే ఇల్లు కాదు, అంతే.

అట్లా ఉండగా పోరుమామిళ్ల నుంచి ఆమె తల్లి రాహేలమ్మ వచ్చింది. మధ్యాహ్నం లేవియే వడ్డించాడు. అత్త సంగటి ముద్ద సగం తినేసరికి, "ఇంగొక ముద్ద పెట్టాల్నా అత్తా?" అని అడిగాడు. "వద్దులేప్పా" అంది రాహేలమ్మ. వద్దంది కదా అని లేవి గిన్నె తీసుకుపోయి లోపల పెట్టేశాడు.

మన దగ్గర వద్దంటే వద్దని ఎవరు చెప్పారు? వద్దన్నాక మళ్లీ అడగాలి. తినేవాళ్లు విస్తరికి చేయి అడ్డం పెట్టాలి, ఆ చేతి పక్కనుంచి ముద్ద పడాలి, 'అయ్యో ఇంత తినలేను' అంటూ తినాలి. ఇంత తతంగం జరిగితేగానీ కడుపు నిండదు. రాహేలమ్మ సగం ఆకలితో చేయి కడుక్కుని, "కూతురింట్లో పిడికెడు సంగటికి గతి ల్యాకపోయె" అంటూ అప్పటికప్పుడే బస్సెక్కి పోయింది.

ప్రేమజ్యోతి కోపమంతా లేవి మీదికి తిరిగింది. "నీతో నేనింక ఏగలేను. నేను కూడా పోతా మా యమ్మోళ్లింటికి!"

"ఎప్పుడు?" అన్నాడు లేవి.

"ఇప్పుడే!"

అతను లోపలికి పోయి ఆమె సంచి సర్దాడు. ఆమె వేసుకునే తలనొప్పి మాత్రలు కూడా మరిచిపోకుండా పెట్టాడు. బస్టాండు దాకా మోసుకుపోయి, కిటికీ పక్కన సీటు పట్టి కూర్చోబెట్టాడు. 'ఉండు' అనే ఒక్క మాట కోసం ఆమె బస్సు కదిలేదాకా అతని ముఖంలోకి చూస్తూనే ఉంది. అతను ఎప్పటిలాగే ఆమె భుజం పక్కకు ఎటో చూస్తున్నాడు. గడప దాటేవాళ్లెవరూ మన సీమలో 'పోతా' అనరు, అది చచ్చేవాళ్ల మాటని పెద్దలు తిడతారు. తిరిగి వచ్చే ఉద్దేశం లేకపోయినా 'పోయొస్తా' అంటారు. ఏడుపు గొంతుతో ప్రేమజ్యోతి కూడా అలవాటుకొద్దీ "పోయొస్తా" అంది. లేవి తలూపాడు.

బస్టాండులో వీరభద్ర చూశాడు. పొద్దుగూకేలోపు ఊరంతా ఒకటే మాట: పిచ్చి లేవి పెళ్లాన్ని తరిమేశాడు.

నెల దాటింది. లేవి ఫోను చేయలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పోరుమామిళ్లలో, రాహేలమ్మ ఇంట్లో పంచాయితీ పెట్టి అతన్ని పిలిపించారు. పాస్టరు ఏసుబాబు అయ్యగారు మధ్యలో కూర్చున్నారు. సంఘపెద్దలు చుట్టూ కూర్చున్నారు. ఈ పెళ్లి ఇంతటితో తెంపేయాలని ప్రేమజ్యోతి తమ్ముడు క్రాంతి కుమార్ ముందే అందరికీ చెప్పి పెట్టుకున్నాడు.

"ఏం బావా, పెండ్లాన్ని బస్సెక్కిచ్చి పంపిచ్చినావంట?"

"ఆమె పోతా అనింది" అన్నాడు లేవి.

గదంతా గొల్లున నవ్వింది. క్రాంతి కుమార్‌కు కావలసింది అదే. "చూసినారా అయ్యగారూ? డాక్టరే పేరు పెట్టి చెప్పినాడు ఈయప్పకు పిచ్చని. మా అక్క గొంతు మేమే కోసినాం."

"డాక్టరు కాదు, డాక్టరమ్మ" అన్నాడు లేవి. "పిచ్చి అనలేదు." మళ్లీ నవ్వారు. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే అతనికి చెవుల్లో రొద పుట్టి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "సిగ్గు ల్యాకుండా వినేకి గూడా ఇష్టం ల్యాదు సూడండి" అంది రాహేలమ్మ. దేవుని బిడ్డలమని చెప్పుకునేవాళ్లలో ఒక్కరు కూడా గొంతు తగ్గించలేదు.

చివరికి అయ్యగారే చేయెత్తి అందరినీ ఆపారు. "నెల దాటె గదప్పా. ఒక ఫోనన్నా ఎందుకు చేయలేదు?"

లేవి నేలకేసి చూస్తూ చెప్పాడు. "పోయొస్తా అనింది అయ్యగారూ. వస్తాది గదా అని చూస్తాండా. చీకటింట్లోకి రావాలంటే ఆమెకు భయం. దినామూ వరండాలో లైటేసి పెడతాండా."

మూడోసారి నవ్వారు. ప్రేమజ్యోతి నవ్వలేదు. పుట్టినప్పటినుంచి ఎన్ని గడపల దగ్గర ఆ మాట అని ఉంటుందో, దాన్ని మాటగా పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఇతనొక్కడే పట్టుకున్నాడు. అయినా ఆమెకు కోపం వచ్చింది.

"నన్ను ఉండమని ఎందుకు అనలేదు నువ్వు?"

"అనొచ్చని నాకు తెలియదు. నువ్వు పోతా అన్న్యావు గదా" అన్నాడు. ఆమె భుజం పక్కకు చూస్తూ, "నాకైతే నువ్వు ఉండాలనే ఉండె" అన్నాడు.

"సాల్లే ఈ ఆటలు!" అంటూ రాహేలమ్మ లేచింది. "అయ్యగారూ, మా బిడ్డ యాడికీ రాదు. నువ్వు పోవయ్యా ఈడనుంచి!"

పొమ్మంది కాబట్టి లేవి లేచాడు. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నాడు. ప్రేమజ్యోతి లోపలికి పోయి సంచి తెచ్చుకుంది. క్రాంతి కుమార్ అడ్డం రాబోతే, దారి వదిలేదాకా అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. గుమ్మంలో ఆగి, తల్లివైపు తిరిగింది.

"మా, నేను పోతా."

రాహేలమ్మ నోటి మీద కొట్టుకుంది. "ఏం మాటే అది! పుట్టినింట్లో నిలబడి అట్లనొచ్చునా? పోయొస్తా అను!"

"పోతా" అంది ప్రేమజ్యోతి.

"పోయొస్తా అనవే, ముండా!"

లేవి గుమ్మం బయటనుంచి చేయి చాచి సంచి అందుకున్నాడు. అత్తకు సరిగా వినపడలేదేమో అనుకుని, ఆమె కోసం మళ్లీ చెప్పాడు.

"ఆమె పోతా అనింది, అత్తా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.